గృహాలలో కార్బన్ మోనాక్సైడ్ : పొగ ఆగినా తొలగని ప్రమాదం

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో 2022 జూన్ 3న విషవాయువు సోకి, వస్త్ర పరిశ్రమలోని మహిళా కార్మికులు పెద్దసంఖ్యలో అస్వస్థులయ్యారు. ఆగస్టు 2న అటువంటి ఘటనే పునరావృతమైంది. ఘాటు వాసన గల పారిశ్రామిక వాయువులను ముక్కు పసిగట్టగలదు. ఇంటి కుంపటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన, రుచి లేవు. అందువలన దీనిపై అవగాహన గ్రామీణ విస్తరణ కార్యక్రమాలలో భాగం కావలసి ఉన్నది.

ఏర్పడే విధానం

కట్టె మండునపుడు మొదట ఆవిరయ్యే పదార్థాలు మంటను, పొగను ఇస్తాయి. తరువాత మిగిలేది బొగ్గు. నిప్పుల అడుగున ఏర్పడిన కార్బన్ డయాక్సైడ్, పైనున్న ఎర్రని బొగ్గుల గుండా పోతూ కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మంట లేనందున అది పూర్తిగా దహనం కాదు. పొగ ఆగినదని కుంపటిని గదిలోనికి తెచ్చి తలుపులు మూయుట ఇందుచేతనే ప్రాణాంతకం. చలికాలంలో బాలింత గదిలో ఉంచే కుంపటి, కోడిపిల్లల షెడ్డులో వెచ్చదనానికి ఉంచే బొగ్గుల పొయ్యి ఈ కోవకు చెందినవే. స్నానాల గదిలోని గ్యాస్ గీజరు, మూసిన గదిలోని జనరేటరు, బావిలోనికి దించిన ఆయిల్ ఇంజను కూడ ఇటువంటి ప్రమాదమే కలిగిస్తాయి.

శరీరంపై ప్రభావం

ఈ వాయువు హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటె 200 నుండి 250 రెట్లు గాఢంగా బంధమేర్పరచుకొంటుంది. తలనొప్పి, తలతిరుగుడు, వికారం, నీరసం తొలి లక్షణాలు. జ్వరం లేకుండ ఇంటిలో పలువురికి ఒకేసారి ఇవి కలిగి, ఆరుబయట ఉపశమిస్తే దీనిని అనుమానించాలి. నిద్రలో ఉన్నవారు మేల్కొనకుండగనే స్పృహ కోల్పోవచ్చును. గర్భిణులు, శిశువులు, హృద్రోగులకు ముప్పు అధికం. వేలికి తొడిగే సాధారణ ఆక్సిమీటరు ఈ స్థితిలోను ఆక్సిజన్ సరిపడ ఉన్నట్లు చూపవచ్చును.

జాగ్రత్తలు

పడకగదిలో కుంపటి ఉంచరాదు. గదిలో నీటి పాత్ర పెట్టినా, ముక్కుకు తడిగుడ్డ కట్టినా ఈ వాయువు తొలగదు. పొయ్యికి పొగగొట్టం, వంటగదికి ఎదురెదురు కిటికీలు అవసరం. బాధితుని వెంటనే ఆరుబయటికి చేర్చి 108కు తెలుపాలి. మామూలు గాలిలో రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గుటకు 4 నుండి 5 గంటలు పడుతుంది; శుద్ధ ఆక్సిజన్ అందించిన సుమారు గంటన్నర చాలును.

మెరుగైన పొయ్యిలను ప్రచారం చేయునపుడు పొగ తగ్గుదలను మాత్రమే ప్రమాణంగా గ్రహించరాదు. ఎర్రని నిప్పులున్నంత వరకు గాలి ఆడాలన్న విషయాన్ని విస్తరణ సిబ్బంది ప్రతి గృహిణికి స్పష్టం చేయాలి.