పథ్యం పేరుతో పస్తు వద్దు

హగరి ఇసుక మేటలు ఒకవైపు, తుంగభద్ర ఎగువ కాలువ మరొకవైపు ఉన్న కణేకల్ ప్రాంతంలో, పేగులకో జీర్ణాశయానికో శస్త్రచికిత్స చేయించుకున్న మనిషి బళ్లారి నుంచో అనంతపురం నుంచో ఇల్లు చేరగానే మనం మొదలుపెట్టేది పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం వేడి చేస్తాయని వారాల తరబడి పలుచని గంజితో సరిపెడతాం. ప్రేమతో చేసే ఈ పనే రోగికి కీడు చేస్తుంది.

కోత మానడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. ఆహారంలో అవి అందకపోతే అది తన కండరాలనే కరిగించుకుంటుంది. కుట్లు ఆలస్యంగా మానుతాయి, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. శస్త్రచికిత్స తర్వాత శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు దాదాపు 1.5 గ్రాముల మాంసకృత్తులు, 25 నుంచి 30 కేలరీల శక్తి అవసరమని వైద్యులు లెక్కగడతారు. అంటే 50 కిలోల వ్యక్తికి సుమారు 75 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములే. అలాంటప్పుడు వట్టి గంజితో ఈ అవసరం ఎలా తీరుతుంది? మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం ఈ మోతాదును వైద్యుని అడిగే నిర్ణయించుకోవాలి.

వైద్యుడు అనుమతించిన క్రమంలో మొదట ద్రవాలు, తర్వాత మెత్తని ఆహారం ఇవ్వాలి. మూడు పూటలకు బదులు ఐదారు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. మెదిపిన పెసరపప్పు అన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, మెత్తగా ఉడికిన కోడిమాంసం మంచివి. రాగిపిండిని వడకట్టి పాలతో జావ కాచవచ్చు. పేగు కుదుటపడే వరకు జొన్నరొట్టె, వేరుశనగ పచ్చడి, మసాలా బిర్యానీ ఆగాలి.

జీర్ణాశయం తొలగించినవారు తీపి పదార్థాలు తగ్గించాలి. భోజనంతోపాటు కాక, అరగంట తర్వాత నీళ్లు తాగాలి. జీర్ణాశయం మొత్తం తీసివేస్తే బి12 ఇంజెక్షన్లు జీవితాంతం అవసరమవుతాయి. చిన్నపేగును పొట్టపైకి తెచ్చి సంచి అమర్చినవారికి నీరు, ఉప్పు వేగంగా కోల్పోయే ప్రమాదం ఉంటుంది. మన ఎండల్లో వారికి వట్టి నీళ్లు చాలవు, ఓఆర్‌ఎస్ దగ్గర ఉంచాలి.

రమజాన్ వస్తే, కుట్లు మానకముందే ఉపవాసం ఉంటానని పట్టుబట్టే పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. వారి భక్తి గౌరవనీయం. కానీ రోగి ఆ ఉపవాసాలను తర్వాతి దినాల్లో పూర్తి చేసుకోవచ్చని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా (2:184, 185) స్పష్టం చేస్తోంది. అల్లాహ్ ఇచ్చిన ఈ సడలింపును స్వీకరించడం విశ్వాసంలో లోపం కాదు. రోగులకు తల్బీనా అనే బార్లీ జావ ఇవ్వమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పేవారని సహీహ్ బుఖారీలో ఉంది. అంటే రోగికి బలాన్నిచ్చే ఆహారం వండిపెట్టడం మన సంప్రదాయంలోనే ఉంది.

కనుక మన ఇంటి రోగి పడక పక్కన దుఆతోపాటు ఒక గిన్నె మెత్తని పప్పన్నం కూడా ఉండాలి. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్. అందుకు తగిన ఏర్పాటు చేయడం మన బాధ్యత.