పెద్దదిక్కు వెళ్ళిపోయాక

2024 నవంబర్ 28, థాంక్స్‌గివింగ్ గురువారం. కనెక్టికట్ రాష్ట్రం రాకీ హిల్‌లో మా స్నేహితుడి ఇంటి బేస్‌మెంట్‌లో పదిహేను మందిమి చేరాం. పైన వంటింట్లో మటన్ బిర్యానీ దమ్ మీద ఉంది. కింద శవం లేని పరామర్శ నడుస్తోంది. పోయింది మనిషి కాదు, మా టీం. యూకాన్ బాస్కెట్‌బాల్ టీం సోమ, మంగళ, బుధ వారాల్లో రోజుకొకటి చొప్పున మూడు మ్యాచ్‌లు ఓడిపోయింది.

కాలేజీ పిల్లల ఆట కోసం ఇంత బాధేమిటని మీకు అనిపించడం సహజం. ఈ రాష్ట్రంలో మాకు వేరే దిక్కు లేదు. ఒకపక్క బోస్టన్, ఇంకోపక్క న్యూయార్క్, పెద్ద టీంలన్నీ వాళ్ళవే. హార్ట్‌ఫర్డ్‌కి వేలర్స్ అని ఒక ఐస్ హాకీ టీం ఉండేదట, అది 1997లో నార్త్ కరోలినాకి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది యూనివర్సిటీ ఆఫ్ కనెక్టికట్, ముద్దుగా యూకాన్. అది ఉండే స్టోర్స్ అనే ఊరు నిజానికి ఊరు కూడా కాదు. 1881లో వ్యవసాయ పాఠశాలగా మొదలైన చోటు, ఇప్పటికీ క్యాంపస్‌లో ఆవులుంటాయి, ఐస్‌క్రీం దుకాణం ముందు క్యూ ఉంటుంది. ఆ ఆవుల పక్కనే గాంపెల్ పెవిలియన్, పదివేల మంది పట్టే బాస్కెట్‌బాల్ హాలు.

హార్ట్‌ఫర్డ్ ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు. కోబాల్ వచ్చిన ప్రతివాడినీ వై2కే పేరు చెప్పి విమానం ఎక్కించిన రోజుల్లో, 1999 ఫిబ్రవరిలో, బాపట్ల దగ్గరి పల్లెటూరి నుంచి నేనూ ఇక్కడికి వచ్చి పడ్డాను. మార్చి 29 రాత్రి యూకాన్ డ్యూక్‌ని 77-74తో ఓడించి మొట్టమొదటిసారి జాతీయ ఛాంపియన్ అయింది. మర్నాడు ఆఫీసులో నా పక్క సీటాయన, యాభై దాటిన మనిషి, ఆ మ్యాచ్ గురించి చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ఏమనాలో తెలియక కాఫీ తెచ్చిచ్చాను. ఆ రోజు నుంచి నేనూ ఈ టీం మనిషినే.

ఆ తర్వాత 2004, 2011, 2014, 2023, 2024 కూడా మావే. (ఇది అబ్బాయిల లెక్క. అమ్మాయిల టీం గొప్పలు మొదలుపెడితే ఈ వ్యాసం చాలదు.) రెండేళ్ళు వరసగా గెలిచాం కదా, మూడోది కూడా కొడితే 1973 తర్వాత అబ్బాయిల్లో ఎవరూ చేయని పని చేసినట్టవుతుంది. నవంబర్ మొదట్లో మేమంతా ఆ మత్తులో ఉన్నాం. మిడిల్‌టౌన్ సత్యనారాయణ స్వామి గుడిలో ప్రసాదం తింటూ కూడా ఇవే కబుర్లు.

ఇంతలో మావి టోర్నమెంట్ వచ్చింది. హవాయి దీవుల్లో మావి ఒకటి, అక్కడ లహైనా అనే ఊళ్ళో ఏటా థాంక్స్‌గివింగ్ వారంలో ఎనిమిది టీంలతో టోర్నమెంట్ జరుగుతుంది. 2023 ఆగస్టులో కార్చిచ్చు లహైనాని బూడిద చేసింది, ఆ ఏడాది ఆటలు హోనలులూలో పెట్టారు. 2024లో మళ్ళీ సొంత ఊరికి తెచ్చారు. హాలు చిన్నది, 2,400 మంది పడతారంతే. మూడు రోజుల్లో మూడు ఆటలు. ఓడినవాళ్ళు ఇంటికి వెళ్ళడానికి లేదు, ఓడినవాళ్ళతోనే మళ్ళీ ఆడాలి.

సోమవారం మెంఫిస్‌తో మ్యాచ్. మాకు మధ్యాహ్నం, నేను ఆఫీసు కాల్‌లో మ్యూట్‌లో ఉండి ఫోన్‌లో చూస్తున్నాను. ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. 92-92. ఇంకా నలభై సెకన్లున్నాయి. బంతి కోసం ఎగిరిన మా కుర్రాడు లియం మెక్‌నీలీ వెనక నుంచి ఎదుటివాడి మీద పడ్డాడని రిఫరీ విజిల్ ఊదాడు. మా కోచ్ డాన్ హర్లీ ఏం చేశాడో తెలుసా? సైడ్‌లైన్ దగ్గర వెల్లకిలా పడిపోయాడు. గుండె నొప్పి కాదు, నిరసన. రిఫరీ ఆయనకి టెక్నికల్ ఫౌల్ ఇచ్చాడు. అసలు ఫౌల్‌కి రెండు ఫ్రీ త్రోలు, కోచ్ గారి శయనానికి ఇంకో రెండు. మెంఫిస్ ఆటగాడు పీజే కార్టర్ నాలుగూ వేశాడు. 96-92. చివరికి 99-97, రెండు పాయింట్ల తేడాతో పోయింది. వరసగా పదిహేడు మ్యాచ్‌లు గెలిచిన టీం అక్కడ ఆగింది. మంగళవారం కొలరాడో చేతిలో 73-72, ఒక్క పాయింటు. బుధవారం డేటన్ చేతిలో 85-67, దానికి సాకు కూడా లేదు. ర్యాంకుల్లో రెండో స్థానంలో వెళ్ళి, ర్యాంకే లేని మూడు టీంల చేతిలో ఓడి, ఎనిమిదింట ఎనిమిదో స్థానంతో తిరిగొచ్చాం.

బేస్‌మెంట్‌లో ఎవరి తీర్పు వాళ్ళు చెబుతున్నారు. ఇంటాయన వాదన, తప్పంతా రిఫరీదని. "అది ఫౌలేనా అన్నా? చెప్పు, నువ్వు చెప్పు" అని నన్ను నిలేశాడు. మా బావమరిది కోచ్ మీద పడ్డాడు. "జూన్‌లో లేకర్స్ పిలిస్తే పోవాల్సింది. పోనన్నాడు, ఇక్కడ పడుకున్నాడు." హర్లీకి ఎన్‌బీఏ టీం లేకర్స్ కోట్ల డాలర్ల ఉద్యోగం ఇస్తామంటే కాదని స్టోర్స్‌లోనే ఉండిపోయిన మాట నిజం. అప్పుడు ఈ బావమరిదే ఆనందంతో నాకు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ఇంకొకాయన కాలిఫోర్నియా సెయింట్ మేరీస్ నుంచి కొత్తగా వచ్చిన ఏడెన్ మహేనీని పట్టుకున్నాడు. పాపం, ఏ టీంలోనైనా కొత్త కోడలికి ఈ తిట్లు తప్పవు.

యూకాన్‌లోనే చదువుతున్న మా అమ్మాయి అన్నం ప్లేటు పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. "నాన్నా, మావికి ముందు మనం గెలిచిన నాలుగు టీంలు ఎవరో చెప్పండి" అంది. సేక్రెడ్ హార్ట్, న్యూ హాంప్‌షైర్, లె మోయిన్, ఈస్ట్ టెక్సస్. సీజన్ మొదట్లో పెద్ద కాలేజీలు చిన్న కాలేజీలను డబ్బిచ్చి పిలుచుకుని, సొంత హాల్లో ఓడించి పంపడం ఇక్కడ ఆనవాయితీ. పెళ్ళికొడుకు చేత ముందు చిన్నపిల్లలతో కుస్తీ పట్టించినట్టు ఉంటుంది. ఆ నాలుగు ఆటల్లో మా లోపాలు కనబడే అవకాశమే లేదని దాని వాదన. నిజమే, కానీ ఆ లోపాలేమిటో అదీ చెప్పలేకపోయింది.

నాకు తెలిసింది ఆ సాయంత్రం మా పక్కింట్లో. పక్కింటి పెద్దాయన డెబ్భై దాటినవాడు, స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. గాంపెల్ కట్టిన 1990 నుంచి ఆటలు చూస్తున్నాడు. ఏటా థాంక్స్‌గివింగ్‌కి మా ఆవిడ ఆయనకి స్టీలు డబ్బాలో బిర్యానీ పంపుతుంది, ఏటా ఆయన ఆ డబ్బాని ఏదో ఒకటి వేసి తిరిగిస్తాడు. నేను వెళ్ళేసరికి మెంఫిస్ మ్యాచ్ మళ్ళీ చూస్తున్నాడు, సౌండ్ తీసేసి. "బంతిని చూడకు, మనవాళ్ళ పాదాలు చూడు" అన్నాడు.

చూశాను. ఎదుటివాడు బంతి కొట్టుకుంటూ పక్కకి దూసుకొస్తున్నప్పుడు అడ్డుకునేవాడు చేయాల్సింది ఒకటే, ముందుగా అక్కడికి జరిగి రొమ్ము అడ్డం పెట్టడం. దానికి పాదాలు కదలాలి. మావాళ్ళ పాదాలు అర సెకను ఆలస్యం. మనిషి దాటిపోయాక చెయ్యి చాస్తున్నారు, ఆ చెయ్యి వాడి మోచేతికి తగులుతోంది. విజిల్. మళ్ళీ అదే. కాలేజీ ఆటలో ఒక్కొక్కరికి ఐదు ఫౌళ్ళు, ఐదోదానితో బయటికి. అదొక్కటే కాదు, ఒక సగంలో టీం మొత్తం మీద ఏడో ఫౌల్ నుంచి ఎదుటివాళ్ళకి ఫ్రీ త్రోలు మొదలవుతాయి, పదో ఫౌల్ నుంచి ప్రతిసారీ రెండేసి. ఎవరూ అడ్డులేకుండా నిలబడి వేసే బంతులవి. చేతి దురద తీరేసరికి ఎదుటివాడి ఖాతా నిండుతుంది.

చిన్నప్పుడు మా ఊరి బడిలో కబడ్డీ నేర్పిన మాస్టారు ఇదే చెప్పేవారు. కూతకొచ్చినవాడి చేతులు చూస్తే మోసపోతావురా, నడుం చూడు, నడుం ఎటుపోతే మనిషి అటే పోతాడు. బాస్కెట్‌బాల్‌లోనూ అడ్డుకునేవాడు చూడాల్సింది నడుమే. పాతికేళ్ళుగా ఈ ఆట చూస్తూ, ఆ సంగతి పక్కింటాయన చెబితే గానీ నాకు గుర్తు రాలేదు.

"మరి నిరుడు వీళ్ళ పాదాలు బాగుండేవా?" అని అడిగాను.

"నిరుడూ అంతంతే. నిరుడు క్లింగన్ ఉన్నాడు."

డొనోవన్ క్లింగన్, ఏడడుగుల రెండంగుళాల మనిషి. ఇక్కడికి దగ్గర్లోని బ్రిస్టల్ కుర్రాడు. 2024 మార్చిలో ఇలినాయ్‌తో మ్యాచ్‌లో మా టీం వరసగా ముప్ఫై పాయింట్లు వేసింది, ఆ కాసేపట్లో వాళ్ళకి ఒక్కటీ రాలేదు. ఆ మ్యాచ్‌లో క్లింగన్ చెయ్యి అడ్డం పెట్టిన 19 షాట్లలో ఒక్కటీ పడలేదు. ముందు నిలబడ్డ గార్డు ఏమరినా వెనక బుట్ట కింద ఆయన ఉన్నాడు. దాటిపోయినవాణ్ణి ఆయన చూసుకుంటాడు కాబట్టి దాటిపోనివ్వడం తప్పుగా కనబడలేదు. అవసరం లేనప్పుడు చెయ్యి చాచి ఫౌల్ ఎందుకు చేస్తారు?

ఆ ఏడాది మొదటి ఐదుగురిలో నలుగురు వెళ్ళిపోయారు. క్లింగన్, స్టెఫన్ క్యాజిల్, ట్రిస్టన్ న్యూటన్, క్యామ్ స్పెన్సర్, నలుగురూ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. మిగిలింది అలెక్స్ కరబన్ ఒక్కడు. ఇప్పుడు కాలేజీ ఆటలో ఇది మామూలే. 2021 నుంచి ఆటగాళ్ళు పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, కాలేజీ మారడమూ సులువైంది. ఏటా ఏప్రిల్‌లో టీం విడిపోతుంది, వేసవిలో కొత్తది కుట్టుకోవాలి. పాయింట్లు వేసేవాడు పోతే లోటు మొదటి రోజే లెక్కలో తేలుతుంది. తప్పులు కాసినవాడు పోతే ఆ లోటు ఆయన పేరు మీద కనబడదు, మిగతా నలుగురి తప్పులుగా కనబడుతుంది.

దీన్ని నేను ఇంకోచోట చూశాను కాబట్టే అంత గట్టిగా నమ్మాను. కొన్నేళ్ళ కిందట ఆఫీసులో మా టీంలో ఒక పెద్దాయన రిటైరయ్యారు. కేకు కోశాం, ఫొటోలు తీసుకున్నాం. మరుసటి నెలాఖరున రాత్రి రెండింటికి నా ఫోన్ మోగింది, ప్రీమియం లెక్కల బ్యాచ్ జాబ్ మధ్యలో ఆగిపోయిందని. ఆ వచ్చే నెలా అంతే. కొత్తగా చేరిన అమ్మాయి ఏదో పాడుచేసిందని అందరం అనుకున్నాం, ఒకరిద్దరు మొహం మీదే అన్నారు కూడా. తీరా తవ్వితే తేలిందేమిటంటే, ముందు సిస్టం నుంచి వచ్చే ఫైల్లో తేదీలు మొదటినుంచీ తప్పుగానే వస్తున్నాయి. పెద్దాయన ప్రతి నెలాఖరునా తెల్లవారుజామున లేచి, చేత్తో సరిచేసి, మళ్ళీ పడుకునేవారు. ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయికి మేం క్షమాపణ చెప్పడానికి ఇంకో నెల పట్టింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఒక నోట్‌బుక్ తీశాను. మధ్యలో నిలువుగా గీత కొట్టి ఒకవైపు "కాళ్ళు", ఇంకోవైపు "చేతులు" అని రాశాను. మావాడు జరిగి అడ్డం నిలబడితే ఎడమవైపు గీత, చెయ్యి చాచి ఫౌల్ చేస్తే కుడివైపు గీత. మా ఆవిడ చూసి "చిట్టీల పుస్తకమా?" అంది.

సోమవారం ర్యాంకులు వచ్చాయి. రెండు నుంచి ఇరవై ఐదుకి పడ్డాం. బుధవారం, డిసెంబర్ 4న, గాంపెల్‌లో బేలర్‌తో ఆట. కరబన్ ఆడలేదు. అయినా 76-72తో గెలిచారు. మా అమ్మాయి హాల్లోంచి ఫోన్ చేస్తే అరుపుల్లో దాని మాట వినబడలేదు. తర్వాత ఆస్టిన్ వెళ్ళి టెక్సస్‌ని, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గొంజాగాని కొట్టారు. బేస్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గండం గడిచిందని ఒకటే సంబరం. బావమరిది 2011 కబుర్లు ఎత్తుకున్నాడు. ఆ ఏడాది లీగ్‌లో 9 గెలిచి 9 ఓడిన టీమే చివరికి జాతీయ ఛాంపియన్ అయింది. 2014లోనూ అంతే. మార్చిలో లూయీవిల్ చేతిలో 81-48తో చిత్తయి, నెల తిరక్కుండా కప్పు ఎత్తారు. మా అభిమానుల జబ్బు ఇదే. ఎంత ఘోరంగా ఓడినా పోల్చుకోవడానికి ఒక పాత అద్భుతం దొరుకుతుంది.

నా పుస్తకంలో మాత్రం కుడివైపు గీతలు తగ్గలేదు. గెలిచిన రోజునా అవే చేతులు. బంతి బుట్టలో వేయడంలో మావాళ్ళకి తిరుగులేదు, ఆ గెలుపులన్నీ దాని పుణ్యమే. ఈ మాట గ్రూపులో అన్నందుకు నన్ను "అపశకునం పక్షి" అన్నారు.

సీజన్ 24 గెలుపులు, 11 ఓటములతో ముగిసింది. జాతీయ టోర్నమెంట్‌లో ఎనిమిదో సీడ్. మార్చి 23న ఫ్లోరిడాతో ఆట పక్కింటాయన దగ్గరే చూశాను. ఆట చాలాసేపు మా చేతిలోనే ఉంది, చివరి నిమిషాల్లో వాళ్ళ వాల్టర్ క్లేటన్ మూడు పాయింట్ల షాట్లు వేసి లాగేసుకున్నాడు. 77-75. ఆ ఫ్లోరిడానే తర్వాత ఛాంపియన్ అయింది. రెండు పాయింట్ల ఓటమి నవంబర్‌లో ఒకలా మండింది, మార్చిలో ఇంకోలా. ఈసారి ఎవర్నీ తిట్టబుద్ధి కాలేదు.

పక్కింటి పెద్దాయన టీవీ కట్టేసి, నా నోట్‌బుక్ అడిగి తీసుకుని, పేజీలు తిప్పాడు. ఎడమవైపు పైన ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి ఇదేమిటన్నాడు. చెప్పాను. రెండు మూడుసార్లు ప్రయత్నించాడు గానీ "ళ్ళ" ఆయన నోట పలకలేదు. లేచి వెళ్ళి బిర్యానీ డబ్బా తెచ్చిచ్చాడు, లోపల ఆపిల్ పై ముక్క.

నవంబర్‌లో మళ్ళీ సీజన్ మొదలైంది. తలుపులు వేసుకుని కూర్చున్నా పక్కింట్లోంచి వినిపిస్తోంది, టీవీ మీద గట్టిగా ఒక అరుపు: "కాలూ! కాలూ!"