రాత్రి గడ్డకట్టాలి, పొద్దెక్కాక మెత్తబడాలి

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో చాలా స్కీ రిసార్టులు ఏప్రిల్ మూడో వారం దాటకుండానే మూతపడతాయి. ఎత్తయిన కొండల మీద మంచు బాగా పేరుకుని ఉండేది మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే లిఫ్టులు ఆగేది మంచు అయిపోయి కాదు, జనం రావడం తగ్గిపోయి. కింద ఊళ్లలో గడ్డి పచ్చబడగానే స్కీయింగ్ ఊసు ఎవరికీ పట్టదు. ఈ ఆనవాయితీని పాటించని రిసార్టుల్లో అరాపహో బేసిన్‌ది ముందు వరుస. డెన్వర్ నగరానికి పడమటగా, లవ్‌ల్యాండ్ కనుమ పక్కన 1946లో ఇది మొదలైంది. లిఫ్టు ఎక్కే చోటే సముద్ర మట్టానికి 10,780 అడుగుల ఎత్తున ఉంటుంది, కొండ కొస 13,050 అడుగులు. ఆ ఎత్తు ఒకటి, ముందువైపు వాలులు ఎక్కువగా ఉత్తరానికి తిరిగి ఉండటం ఒకటి, ఈ రెండూ కలిసి ఇక్కడి మంచును మే నెలాఖరు దాకా, చాలా ఏళ్లు జూన్ దాకా కాపాడుతాయి. వసంతపు మంచు తీరు తెలుసుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు అరుదు.

చలికాలంలో పడే మంచు తేలిగ్గా ఉంటుంది. దాని స్ఫటికాలకు కొమ్మలు, రెమ్మలు ఉంటాయి, వాటి మధ్య గాలి నిండి ఉంటుంది. పొడి చలిలో ఆ మంచు వారాల తరబడి మెత్తగానే ఉండగలదు. మార్చి చివరికి ఎండ ముదురుతుంది. అయితే పేరుకున్న మంచు వెంటనే కరిగి పారదు. చలికాలమంతా అది లోలోపల సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటుంది కాబట్టి, ముందు పైనుంచి నేల దాకా సున్నాకు రావాలి. పైన కరిగిన నీరు లోపలికి ఇంకి, అక్కడ మళ్లీ గడ్డకడుతూ, తన వేడిని కింది పొరలకు ఇస్తుంది. ఇలా పొర తరవాత పొర వేడెక్కి మొత్తం మంచు సున్నాకు చేరితేనే నీరు నేలను తాకుతుంది.

పై పొరలో జరిగే మార్పే స్కీయర్లకు ముఖ్యం. పగలు ఎండకు మంచు రేణువుల చుట్టూ సన్నటి నీటి పొర ఏర్పడుతుంది. చిన్న రేణువులు పెద్దవాటి కంటే కాస్త తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే కరుగుతాయి కనుక అవి ముందు మాయమవుతాయి, పెద్దవి ఇంకా పెరుగుతాయి. రాత్రి ఆ నీరు గడ్డకట్టి రేణువులను గుత్తులుగా అతికిస్తుంది. ఇలా కొన్ని పగళ్లు, కొన్ని రాత్రులు గడిచాక కొమ్మలూ రెమ్మలూ పోయి, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల గుండ్రటి పలుకులు మిగులుతాయి. ఈ మంచునే స్కీయర్లు ‘కార్న్ స్నో’ అంటారు. పొద్దెక్కాక గుప్పెట్లోకి తీసుకుంటే నానిన సగ్గుబియ్యంలా విడివిడిగా, తడితడిగా జారుతుంది. దీని మీద మలుపు తిప్పడం తేలిక, తప్పినా క్షమిస్తుంది. కొత్తగా పడ్డ పొడి మంచుకున్నంత పేరు దీనికి లేదు. ఇది తక్కువ అంచనాయే, ఎందుకంటే ఓ మోస్తరు స్కీయర్ నిటారు వాలు మీద కూడా ధైర్యంగా దిగగలిగేది ఈ మంచు మీదే.

అయితే మంచి కార్న్ స్నోను తయారుచేసేది పగటి ఎండ కంటే ముందటి రాత్రి. వసంతంలో ఎండకు కొదవ ఉండదు, గడ్డకట్టే రాత్రులే కరవవుతాయి. మంచు ఉపరితలం పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ వేడి తిరిగి రాదు, అందుకే గాలి ఉష్ణోగ్రత సున్నాకు రెండు మూడు డిగ్రీలు పైన ఉన్న రాత్రి కూడా మంచు పైపొర గట్టిపడగలదు. మబ్బు పట్టిందా, మబ్బు వదిలే వేడి కిందికి చేరి లెక్క తారుమారవుతుంది. గాలిలో తేమకూ ఇందులో వాటా ఉంది. కొలరాడో గాలి చాలా పొడి. పొడి గాలిలో మంచు కొంత కరగకుండానే నేరుగా ఆవిరవుతుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు చాలు, నేరుగా ఆవిరి కావడానికి దానికి దాదాపు ఎనిమిదిన్నర రెట్లు కావాలి. ఆవిరయ్యే కాసింత మంచు తన చుట్టుపక్కల నుంచి అంత వేడిని లాగేసుకుంటుంది కాబట్టి మిగిలినది చల్లబడుతుంది. అనుభవమున్న స్కీయర్ పొద్దున్నే మొదట ఆరా తీసేది ఇవాళ ఎండ ఎంత అని కాదు, రాత్రి మబ్బు పట్టిందా లేదా అని.

రాత్రి బాగా గడ్డకట్టిన రోజున పొద్దున ఎనిమిదిన్నరకు వాలు రాయిలా ఉంటుంది. స్కీ అంచులు కరకరమని గీసుకుంటాయి. ముందురోజు జనం వదిలిన గాళ్లు అలాగే బిగుసుకుపోయి, స్కీలను ఇష్టమొచ్చిన వైపు లాగేస్తాయి. స్నోక్యాట్ యంత్రంతో చదును చేసిన దారులు కొంత నయం. తొమ్మిదిన్నర, పదింటికి ఎండ తగిలే చోట స్కీ కర్ర మొన సన్నగా దిగడం మొదలవుతుంది. రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడి, దాని కింద పొర ఇంకా గట్టిగా ఉన్నదే మంచి సమయం. అది ఒక్కో వాలు మీద గంట, మహా అయితే రెండు గంటలు ఉంటుంది. బూటు చీలమండ దాకా దిగబడితే ఆ వాలుకు ఆ రోజు కాలం చెల్లినట్టే.

కాబట్టి మంచి స్కీయర్లు ఎండ వెంటే నడుస్తారు: ముందు తూర్పు వాలు, తరవాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. ఉత్తరం చివరికి వస్తుంది, మరీ చల్లటి రోజున అసలు మెత్తబడకపోవచ్చు. అరాపహోలో కొండ వెనకవైపున్న మాంటెజూమా బౌల్ దక్షిణానికి తిరిగి ఉంటుంది, అందుకే ముందుగా మంచు పోయేది అక్కడే. ఉత్తరానికి తిరిగిన నిటారు పల్లవిచీని వాలు చాలా కాలం నిలుస్తుంది.

మధ్యాహ్నం దాటాక మంచు నీళ్లోడుతుంది. రేణువుల మధ్య నీరు ఎక్కువై, నున్నటి స్కీ అడుగును పట్టుకుని పీలుస్తుంది. ఎండ నుంచి నీడలోకి, నీడ నుంచి ఎండలోకి వెళ్లేటప్పుడు స్కీ ఒక్కసారిగా ఆగినంత పనవుతుంది, మనిషి ముందుకు తూలుతాడు. మోకాళ్లకు దెబ్బలు తగిలేది ఇలాంటప్పుడే. దీనికి విరుగుడుగా స్కీ అడుగున నీరు జారిపోయేలా సన్నటి గాళ్లు తీయిస్తారు, వెచ్చటి మంచుకు తగిన మైనం పూస్తారు. ఒకప్పుడు ఈ పనికి ఫ్లోరిన్ కలిసిన మైనాలు గొప్పగా పనిచేసేవి. అవి నేలలో, నీటిలో విచ్ఛిన్నం కాకుండా ఉండిపోతాయి కనుక అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి పోటీల్లో వాటిని నిషేధించింది. మంచి నిర్ణయం, ఎందుకంటే ఆ మంచే కరిగి తాగునీరవుతుంది. అరాపహో నీళ్లు స్నేక్ నదిలో కలిసి డిల్లన్ జలాశయానికి చేరతాయి, అక్కడి నీరు సొరంగం గుండా డెన్వర్‌కు వెళుతుంది.

మంచు త్వరగా పోవడానికి మరో కారణం దుమ్ము. వసంతపు గాలులు నైరుతి ఎడారుల నుంచి ఎర్రటి ధూళిని మోసుకొచ్చి కొలరాడో కొండల మీద చల్లుతాయి. కొత్త మంచు తన మీద పడ్డ ఎండలో 80 నుంచి 90 శాతం వెనక్కి కొడుతుంది, దుమ్ము పట్టిన మంచు సగమే కొట్టొచ్చు. దుమ్ము ఎక్కువైన ఏడు మంచు కొన్ని వారాల ముందే కరిగిపోతుంది.

తడి మంచులో ప్రమాదం కూడా ఉంది. వరసగా కొన్ని రాత్రులు గడ్డకట్టకపోతే నీరు లోపలి పొరల మధ్య చేరి వాటి పట్టు సడలిస్తుంది, మంచు పలకలుగా విరిగి జారుతుంది. 2005 మే 20న అరాపహోలోనే, రిసార్టు హద్దుల లోపల, పల్లవిచీని వాలు మీద ఇలాంటి తడి మంచు చరియ విరిగిపడి ఒక స్కీయర్ చనిపోయాడు. అది పొద్దున జరిగింది. మధ్యాహ్నం మాత్రమే భయపడాలన్న ధీమా పనికిరాదని అది చూపించింది. రాత్రి గడ్డకట్టని రోజున పొద్దున కూడా నిటారు వాలు జోలికి పోకూడదు. వాలు మీద మంచు ముద్దలు వాటంతటవే చుట్టుకుంటూ దొర్లడం ఒక హెచ్చరిక, పైన రాళ్ల చుట్టూ మంచు చెదిరి జారడం మరొకటి.

ఎండ దెబ్బను కూడా చిన్నచూపు చూడకూడదు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ముక్కు అడుగున, గడ్డం కింద కూడా చర్మం కమిలేది అందుకే. కంటికి అద్దాలు లేకుండా పగలంతా గడిపితే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది.

మన దేశంలో ఇలాంటి మంచు కోసం వెతికితే కశ్మీర్‌లోని గుల్మార్గ్ కనిపిస్తుంది. అక్కడ గొండోలా అనే రోప్‌వే రెండో అంచె అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది, అంటే ఇంచుమించు అరాపహో కొస ఎత్తుకే. కాకపోతే గుల్మార్గ్ 34 డిగ్రీల అక్షాంశం దగ్గర, అరాపహో దాదాపు 40 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఎండ నిటారుగా పడటంతో గుల్మార్గ్‌లో వసంతపు మంచు మార్చిలోనే మొదలై త్వరగా ముగుస్తుంది.

అరాపహోలో మూసివేత పై నుంచి కాదు, కింది నుంచి మొదలవుతుంది. లిఫ్టు దగ్గర నేల బయటపడితే యంత్రాలతో పక్కల మంచును నెట్టుకొచ్చి బాట అతుకుతారు. లేక్ రివీల్ అనే చోట కరిగిన నీరు కుంటగా నిలుస్తుంది, ధైర్యవంతులు వేగంగా వచ్చి దాని మీదుగా స్కీలతో జారి దాటుతారు. పార్కింగు మొదటి వరుసను అందరూ ‘బీచ్’ అంటారు, అక్కడ కుర్చీలు వేసుకుని వంటలు కాల్చుకుంటారు. కొన్నేళ్లు చివర్లో లిఫ్టులు వారాంతాల్లో మాత్రమే నడుస్తాయి. మామూలు ఏడాది జూన్ తొలి వారాల్లో అంతా ముగుస్తుంది. మంచు బాగా పడిన 2019లో జులై 4 దాకా, 1995లో ఆగస్టు 10 దాకా లిఫ్టులు తిరిగాయి.