42 డిగ్రీల్లో టెన్నిస్

ఏప్రిల్ వచ్చిందంటే కర్నూలులోనూ కడపలోనూ రెండు రకాల జనం టెన్నిస్ కోర్టుల వైపు నడుస్తారు. పరీక్షలు అయిపోయిన పిల్లలు సమ్మర్ కోచింగుకని వస్తారు. బరువు తగ్గమని డాక్టరు చెప్పిన నలభై దాటినవాళ్లు మెంబర్‌షిప్ కోసం వస్తారు. అందరూ ఫీజెంత, కోచ్ ఎవరు, కోర్టు సింథటిక్‌దా సిమెంటుదా అని అడుగుతారు. తాగునీళ్లు ఎక్కడ, నీడ ఎక్కడ, పొద్దున ఎన్నింటికి తాళం తీస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. మన సీమలో ముందు అడగాల్సినవి ఇవే.

పాత టెన్నిస్‌కు ఎండ అంతగా తెలీదు. నాలుగు గోడల మధ్య, ఎక్కువగా పైకప్పు కింద ఆడేవాళ్లు. లండన్ దగ్గర హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌లో ఆ ఆట ఇప్పటికీ ఉంది. రబ్బరు బంతి వచ్చాక పచ్చిక మీద కూడా బంతి లేవడం మొదలైంది. 1874లో మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్ పేటెంటు తీసుకుని ఆటను ఆరుబయటికి తెచ్చాడు. ఇంగ్లండు ఎండకు అది బాగానే ఉంది. దొరల క్లబ్బులతో పాటు మన దేశానికి వచ్చాక గడ్డి బతకని ఊళ్లలో మట్టి కోర్టులయ్యాయి, తర్వాత సిమెంటువి, ఇప్పుడు రంగు పూసిన సింథటిక్‌వి. పైకప్పు మాత్రం తిరిగి రాలేదు.

ఇక ఒంటి లెక్క. 70 కిలోల మనిషి గంటసేపు సింగిల్స్ ఆడితే సుమారు 550 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అందులో ముప్పాతిక వంతు బంతిని కొట్టడానికి కాదు, వేడిగా మారడానికే పోతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గంటలో ఒంటి ఉష్ణోగ్రత 7 డిగ్రీలు పెరగాలి, అంటే ప్రాణం పోవాలి. పోకుండా కాపాడేది చెమట. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది, కుండలో నీళ్లు చల్లబడినట్టే. బయట గాలి మన చర్మం కన్నా వేడిగా ఉన్న రోజున ఒంటికి మిగిలేది ఈ ఒక్క దారే. అప్పుడు వీచే గాలి కూడా ఒంటికి వేడిని చేరుస్తుంది.

సీమ ఎండలో మోసం ఇక్కడే ఉంది. గాలి పొడిగా ఉండటంతో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నాయన్న అనుమానం రాదు. దాహం ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే కబురు. ఆటకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయినట్టు. ఒంటి బరువులో రెండు శాతం తగ్గేసరికి కాళ్లూ చూపూ మందగిస్తాయి.

థర్మామీటరు అంకె ఒక్కటే ప్రమాదాన్ని చెప్పదు. కర్నూలులో 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకె, 24 దగ్గర ఉంటుంది. అదే రోజు మచిలీపట్నంలో 36 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుందాం. తడి బల్బు 29 దాటుతుంది. పోటీలు నడిపేవాళ్లు చూసే సూచికలో తడి బల్బుకు 70 శాతం, ఎండలో పెట్టిన నల్ల గోళంలోని థర్మామీటరుకు 20, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువ. నల్ల గోళం కర్నూలులో 58, మచిలీపట్నంలో 50 చూపిందనుకుంటే సూచిక కర్నూలుకు 32.6, మచిలీపట్నానికి 34 పైన. అంతర్జాతీయ పోటీల్లో 30.1 దగ్గర విరామం ఇస్తారు, 32.2 దగ్గర ఆట ఆపేస్తారు. మనది పొడి ఎండే, ఏం కాదు అనే ధీమా లెక్కకు నిలవదు. కాకపోతే మనకో మేలుంది: మన దగ్గర ఎండే పెద్ద దోషి కాబట్టి నీడలోకి వస్తే సూచిక గబగబా దిగుతుంది. కోర్టు పక్కన ఒక వేపచెట్టు ఉన్న క్లబ్బుకు ఏసీ లాంజి ఉన్న క్లబ్బు కన్నా నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

పగలంతా కాగిన సిమెంటు పొద్దు గుంకినా వెంటనే చల్లారదు. అందుకే రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటి ఆట కన్నా తెల్లవారుజామున ఐదున్నర ఆటే నయం. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజే రెండు సెట్లు ఆడి మెప్పు పొందాలనుకోవద్దు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు కావాలి. ఈలోగా రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది. అరగంటతో మొదలుపెట్టండి. వట్టి నీళ్లు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ముప్పుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో తోడుండాలి. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగాకే చేరాలి.

తిండీ నీళ్లూ మరవని టెన్నిస్‌కు ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. పక్క జిల్లా అనంతపురంలో 2010 అక్టోబరులో రఫెల్ నడాల్ స్వయంగా వచ్చి తన ఫౌండేషన్ తరఫున టెన్నిస్ బడిని ప్రారంభించాడు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దానికి తోడు. పల్లె పిల్లలకు రాకెట్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు పాఠాలు, పోషకాహారం కూడా ఆ బడి ప్రణాళికలో ఉన్నాయి. తిండీ నీళ్లూ ఆటలో భాగమేనని ఒప్పుకున్న ఆ పద్ధతి డబ్బున్న క్లబ్బులు కూడా నేర్చుకోదగ్గది.

క్లబ్బులో కాలు పెట్టాక కోర్టును ఒకసారి చుట్టి రండి. బేస్‌లైన్ వెనక గోడ దాకా కనీసం ఐదున్నర మీటర్లు, పక్కలకు మూడు మీటర్లు ఖాళీ ఉండాలి. లేకపోతే తల మీదుగా వెళ్లే లాబ్ కోసం వెనక్కి పరిగెత్తినవాడు కంచెకు గుద్దుకుంటాడు. కోర్టు చుట్టూ నడవడానికి మన దగ్గర చవగ్గా దొరికే బేతంచెర్ల నాపరాళ్లో కడప బండలో పరుస్తారు. నల్లబండ ఎండలో కాళ్లు కాలుస్తుంది, నున్నటి బండ తడిస్తే జారుస్తుంది. నెట్ బిగించే హ్యాండిల్‌ను కోర్టు చూసుకునే మార్కర్ తీసి పెట్టాడో లేదో చూడండి. డబుల్స్‌లో మీ కాళ్ల కింద బంతి దొర్లుతుంటే పాయింటు ఆపండి, చీలమండ కన్నా పాయింటు విలువైనది కాదు. ఎండలో బంతి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, బౌన్సు పెరుగుతుంది. నెట్ దగ్గర నిలబడేవాళ్లు కళ్లకు పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకోవడం మంచిది.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలీవానా ముంచుకొస్తాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ఇనుప కంచె, లైటు స్తంభం, చేతిలోని కార్బన్ రాకెట్ వదిలి పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కోర్టులోకి రాకూడదు.

ఎవరైనా తూలుతూ పొంతన లేని మాటలు మాట్లాడితే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ గట్టిగా విసరాలి. మన పొడి గాలిలో ఈ వైద్యం బాగా పనిచేస్తుంది. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు నీళ్లు పోస్తూనే ఉండాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. మీరు చేరబోయే క్లబ్బులో ఈ పని మార్కర్‌కూ వాచ్‌మన్‌కూ తెలుసో లేదో ఫీజు కట్టేముందే అడగండి. తెలియకపోతే నేర్పించమని కమిటీ దగ్గర పట్టుబట్టండి.