పిడి, కామ, మేడి

ప్రతి పనిముట్టునకు రెండు భాగములుండును. ఒకటి పని కొరకు, రెండవది చేతి కొరకు. ఈ రెండవ భాగమునకు తెలుగున పేర్లు పెక్కు కలవు. కత్తికి, కొడవలికి పిడి; గొడ్డలికి, పారకు కామ; గరిటెకు కాడ; నాగలికి మేడి. పిడికిలిలో ఇముడునది పిడి. పిడికిలి, పిడికెడు అను మాటలు దాని చుట్టములే. రెండు చేతులతో ఎత్తి వేయవలసిన పనిముట్టునకు పొడవైన కామ వలయును. ఇక మేడి పట్టుట యనగా సేద్యము చేయుటయే.

సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడు కన్నడ భాష వాడుకలోనున్న బీదరు జిల్లాకు పొరుగున నున్నది. మన 'పాలు' కన్నడమున 'హాలు' అయినట్లే, మన 'పిడి' అచ్చట 'హిడి'. పట్టుకొనుట యనియు ఆ మాటకు అర్థము కలదు. మన పిడికి ఆ పేరేల వచ్చెనో పొరుగు భాష తెలుపుచున్నది.

ట్రాక్టరునకు మేడి లేదు. పనిముట్టు మూలబడినచో దాని పేరును మరుగున పడును. ఇట్టి సేద్యపు మాటలను భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశముగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించినది. బాలలారా! మీ యింటి పనిముట్ల పేర్లను పెద్దలనడిగి వ్రాసికొనుడు.