కర్ర వదిలిన చేతులు

2013 ఆగస్టు 23, సాయంత్రం. స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లోని సంబరో విమానాశ్రయం వైపు ఒక సూపర్ ప్యూమా హెలికాప్టర్ వస్తోంది. ఉత్తర సముద్రంలో చమురు రిగ్గుల మీద పని ముగించుకుని బయల్దేరిన 16 మంది, ఇద్దరు పైలట్లు అందులో ఉన్నారు. మబ్బు బాగా కిందికి దిగి ఉంది. ఇంజిన్లలో లోపం లేదు, గేర్‌బాక్స్‌లో లోపం లేదు. ఆటోపైలట్ కూడా అప్పజెప్పిన పనిని అప్పజెప్పినట్టే చేస్తోంది. రన్‌వే ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా ఆ హెలికాప్టర్ సముద్రంలో పడి తిరగబడింది. నలుగురు చనిపోయారు.

ఏ భాగమూ చెడని యంత్రం ఎలా పడిందో అర్థం కావాలంటే, ముందు హెలికాప్టర్ నడిపే మనిషి చేతుల్ని చూడాలి.

పైలట్ కుడిచేతిలో, రెండు మోకాళ్ల మధ్య ఒక కర్ర ఉంటుంది. దాని పేరు సైక్లిక్. దాన్ని ఎటు వంచితే నెత్తిన తిరిగే రెక్కల పళ్లెం అటు ఒరుగుతుంది, హెలికాప్టర్ అటు కదులుతుంది. ఎడమచేతి పక్కన కారు హ్యాండ్‌బ్రేక్‌లాంటి మీట కలెక్టివ్. పైకి లాగితే రెక్కలన్నీ ఒకేసారి కోణం పెంచుకుని హెలికాప్టర్‌ను లేపుతాయి. కాళ్ల కింద పెడల్స్ తోక దగ్గరి చిన్న రోటర్‌ను అదుపు చేసి, ముక్కు ఎటు చూడాలో నిర్ణయిస్తాయి. చిక్కేమిటంటే ఈ మూడూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. కలెక్టివ్ లాగితే ముక్కు పక్కకు తిరుగుతుంది. దాన్ని ఆపడానికి పెడల్ తొక్కితే హెలికాప్టర్ మొత్తం పక్కకు జారుతుంది. జారుడు ఆపడానికి సైక్లిక్ కదిపితే ఎత్తు కాస్త పోతుంది. మళ్లీ కలెక్టివ్. నేలకు నాలుగడుగుల ఎత్తున కదలకుండా నిలబెట్టడం, అంటే హోవర్, నేర్చుకునేవారికి మొదట్లో చేతకాదు. ఊయల ఊగినట్టు ఊగుతుంది. చేతికొచ్చిన రోజున చూస్తే కర్ర కదులుతున్నట్టే కనిపించదు. వేళ్ల కొసల ఒత్తిడి మాత్రమే మారుతూ ఉంటుంది.

చక్కగా సరిచేసి పెట్టిన విమానం, చేయి వదిలినా కాసేపు తన దారిన తాను పోతుంది. సాయం లేని హెలికాప్టర్ అలా పోదు. నెత్తిన నీళ్ల బిందె పెట్టుకుని నడిచే మనిషికి విరామం లేనట్టే దాని పైలట్‌కూ విరామం ఉండదు. 1939 సెప్టెంబరులో ఇగోర్ సికోర్‌స్కీ అమెరికాలో తన వీఎస్-300ను తాళ్లు కట్టి నేల మీంచి లేపిన రోజు నుంచీ ఇంజినీర్లు ఈ భారాన్ని తగ్గించే దారి వెతుకుతూనే ఉన్నారు.

దారి మెట్లు మెట్లుగా దొరికింది. మొదటిది కుదుపుల్ని అణిచే వ్యవస్థ. జైరోలు హెలికాప్టర్ ఒరుగుతోందని పసిగట్టగానే చిన్న చిన్న మోటార్లు పైలట్ కంటే ముందే దాన్ని సరిచేస్తాయి. రెండో మెట్టు భంగిమను నిలిపి ఉంచడం. పైలట్ కర్ర వదిలితే హెలికాప్టర్ అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత వచ్చింది మూడు అక్షాల ఆటోపైలట్. ముక్కు పైకీ కిందికీ కదలడం, పక్కలకు ఒరగడం, ముక్కు కుడిఎడమలకు తిరగడం అది చూసుకుంటుంది, కలెక్టివ్ మాత్రం మనిషి చేతిలోనే ఉంటుంది. కలెక్టివ్‌ను కూడా యంత్రమే కదిపితే అది నాలుగు అక్షాల ఆటోపైలట్. మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసే ధ్రువ్‌లో ఉన్నది ఈ నాలుగు అక్షాల రకమే. అర్ధరాత్రి నడిసముద్రంలో, కింద ఆనవాలు పట్టడానికి అలలు తప్ప ఏమీ లేనిచోట, హెలికాప్టర్‌ను ఒకే బిందువు మీద నిలిపి తాడుతో మనిషిని పైకి లాగడం ఇవాళ సాధ్యపడుతోందంటే అందులో ఈ నాలుగో అక్షం వాటా చాలా పెద్దది.

సంబరోలో ఆ సాయంత్రం ఆటోపైలట్‌ను మూడు అక్షాల మీదే నడిపారు. నిమిషానికి ఇన్ని అడుగుల చొప్పున దిగాలని దానికి చెప్పారు. వేగం దాని బాధ్యత కాదు. అది పైలట్ ఎడమచేతి పని. కలెక్టివ్‌తో ఇంజిన్ బలాన్ని సరిచూసుకుంటూ 80 నాట్ల దగ్గర నిలపాలి. బలం కాస్త తక్కువైంది. అలాంటప్పుడు హెలికాప్టర్ చెప్పినదానికంటే తొందరగా దిగబోతుంది. దాన్ని ఆపడానికి ఆటోపైలట్‌కున్న దారి ఒక్కటే, సైక్లిక్‌తో ముక్కు పైకెత్తడం. ఎత్తింది. దిగే రేటు సరిపోయింది, ముందుకు పోయే వేగం కొంత తగ్గింది. వేగం తగ్గేసరికి గాల్లో నిలవడానికి ఇంకా బలం కావాలి. బలం రాలేదు. మళ్లీ ముక్కెత్తింది. ఇలా తనకు చెప్పిన దిగుడు రేటును నిజాయితీగా కాపాడుతూ, ఎవరూ తనకు అప్పజెప్పని వేగాన్ని కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టుకుంటూ వచ్చింది. ముందున్న పరికరాల్లో అదంతా కనిపిస్తూనే ఉంది. వేగం 35 నాట్లకు పడిపోయాక హెలికాప్టర్ ఒక్కసారిగా కిందికి జారింది. అప్పుడు కలెక్టివ్ లాగినా సముద్రానికీ హెలికాప్టర్‌కూ మధ్య మిగిలిన ఎత్తు చాలలేదు. పైలట్లు పరికరాల మీద సరిగా కన్నేసి ఉంచలేదని, ఆ దిగే పద్ధతి ఎలా నడవాలన్న దానిపై ఇద్దరికీ స్పష్టమైన ఉమ్మడి అవగాహన లేదని బ్రిటన్ దర్యాప్తు విభాగం 2016లో నివేదిక ఇచ్చింది.

పైలట్లు నిర్లక్ష్యంగా ఉన్నారని ఒక్క మాటలో తేల్చేస్తే అది అన్యాయం. మనిషి కన్ను ఎలా పనిచేస్తుందో 1948లోనే నార్మన్ మాక్‌వర్త్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. యుద్ధకాలంలో రాడార్ తెర ముందు కూర్చున్న వైమానిక సిబ్బంది శత్రువుల జాడను ఎందుకు పట్టుకోలేకపోతున్నారో తేల్చడం అతని పని. అంకెల్లేని ఒక గడియారం పెట్టాడు. ముల్లు ఒక్కో అడుగే వేస్తుంది. ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. దూకినప్పుడు మీట నొక్కాలి, అంతే. రెండు గంటలు కూర్చోబెడితే, మొదటి అరగంట దాటగానే దూకుళ్లు కళ్ల ముందే తప్పిపోవడం మొదలైంది. కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చోవడం అనే మాట మన భాషలో ఉంది కానీ, ఏమీ జరగని చోట ఆ వత్తులు ఎక్కువసేపు వెలగవు. ఆటోపైలట్ ఎంత నమ్మకంగా పనిచేస్తే దాన్ని చూస్తూ కూర్చోవడం అంత కష్టం. 1983లో లీజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు ఇంకొకటి గుర్తించింది. తేలికైన పనులన్నీ యంత్రానికిచ్చి, అది చేతులెత్తేసే అతి కష్టమైన క్షణాన్ని మాత్రం మనిషికి మిగులుస్తున్నామని, రోజూ చేయని పనిని ఆ మనిషి ఆ క్షణంలో చేయాల్సి వస్తుందని రాసింది. ఆమె రాసింది ప్రధానంగా ఫ్యాక్టరీల్లోని కంట్రోల్ రూముల గురించే అయినా, కాక్‌పిట్‌కు అది అక్షరాలా వర్తిస్తుంది.

2017 మార్చి 14, అర్ధరాత్రి దాటాక ఐర్లాండ్ పశ్చిమ తీరంలో జరిగింది మరింత బాధపెడుతుంది. కోస్ట్‌గార్డ్ తరఫున తిరిగే రెస్క్యూ 116 అనే ఎస్-92 హెలికాప్టర్, సముద్రంలో గాయపడిన ఒక మత్స్యకారుడి కోసం వెళ్తున్న మరో హెలికాప్టర్‌కు తోడుగా బయల్దేరి, ఇంధనం కోసం బ్లాక్‌సాడ్ వైపు తిరిగింది. కంప్యూటర్‌లో నింపి ఉన్న మార్గం వెంట, నీటికి 200 అడుగుల ఎత్తున, చీకట్లో, ఆటోపైలట్ మీద వస్తోంది. ఆ మార్గం మొదటి గుర్తు దగ్గరే బ్లాక్‌రాక్ అనే రాతి దీవి ఉంది. దాని ఎత్తు 282 అడుగులు, మీద ఒక దీపస్తంభం. నేల దగ్గరపడితే అరిచి చెప్పాల్సిన హెచ్చరిక వ్యవస్థ డేటాబేస్‌లో ఆ దీవి లేనే లేదు. వెనక కూర్చున్న సిబ్బందిలో ఒకరు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో ఎదురుగా దీవిని చూసి కుడికి తిప్పమని చెప్పారు. ముందు సీట్లలో వాళ్లు ఎంత తిప్పాలో అడిగి నిర్ధారించుకున్నారు. ఆటోపైలట్‌లో దిశను ఎంచుకునే మోడ్ పెట్టాలని అనుకున్నారు. అంతలో వెనక నుంచి వచ్చే గొంతు కేకగా మారింది. నలుగురూ పోయారు. ఇద్దరి దేహాలు ఇప్పటికీ దొరకలేదు.

కాక్‌పిట్ రికార్డర్‌లో దొరికిన ఆ కొన్ని సెకన్లలో ఎవరూ తొందరపాటుగా గానీ బాధ్యత లేకుండా గానీ మాట్లాడలేదు. శిక్షణలో నేర్పిన క్రమంలోనే నడిచారు. ముందు నిర్ధారణ, తర్వాత మోడ్, తర్వాత మలుపు. రాయి అంత దగ్గరగా ఉందని తెలిస్తే చేయి ముందు కర్ర మీదకే పోయేది. హెచ్చరిక వ్యవస్థ ఆ సంగతి చెప్పలేదు.

ఇవి చదివి ఆటోపైలట్‌నే తప్పుపట్టడం తగదు. యంత్రం సాయం అందని చోట జరిగిన ప్రమాదాల జాబితా దీనికి ఎన్నో రెట్లు పొడుగు. ఒప్పులకుప్ప ఆడి ఒక్కసారిగా ఆగిన పిల్లలకు లోకమింకా తిరుగుతున్నట్టే ఉంటుంది. మబ్బులో చిక్కిన పైలట్‌కూ లోపలి చెవి అదే అబద్ధం చెబుతుంది. ఒరిగిపోతున్నా తిన్నగానే ఉన్నామనిపిస్తుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కంటిచూపుతో మాత్రమే విమానం నడపగల 20 మందికి బయటి దృశ్యం కనిపించకుండా చేస్తే, సగటున 178 సెకన్లలో అదుపు తప్పారు. వాళ్లు నడిపింది విమానం. హెలికాప్టర్ అంత గడువు కూడా ఇవ్వదు. 2020 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌తో సహా తొమ్మిది మందిని బలిగొన్నది, 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న ఎంఐ-17ను కొండకు తాకించింది ఈ దిక్కుతోచనితనమేనని దర్యాప్తులు తేల్చాయి. కూనూరులో మరణించిన వారిలో చిత్తూరు జిల్లా లాన్స్‌నాయక్ కూడా ఉన్నాడు.

తెలుగువారికి 2009 సెప్టెంబరు 2 గురించి చెప్పనక్కర్లేదు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన బెల్ 430 ఆ ఉదయం బేగంపేటలో బయల్దేరి నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలింది. అప్పటి దర్యాప్తు వెలికితీసిన వాటిలో ఒక విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్‌కు సంబంధించిన సమస్య ఎదురై, దానికి పరిష్కారం కోసం పైలట్లు చాలా నిమిషాలు పుస్తకంలో వెతుకుతూ ఉండిపోయారు. బయట వాన, మబ్బు. చివరికి హెలికాప్టర్ బలమైన కిందిగాలిలో చిక్కుకుంది. కాక్‌పిట్‌లో కొరత పడేది చేతుల బలం కాదు, దృష్టి. మంచి ఆటోమేషన్ ఆ దృష్టిని మిగల్చాలి. కొత్త కాక్‌పిట్లు కొంతవరకు ఆ పని చేస్తున్నాయి. లోపం వచ్చినప్పుడు అవసరమైన సంగతి తెర మీదికి వస్తుంది. మిగతావి పక్కకు తప్పుకుంటాయి. ఎయిర్‌బస్ హెచ్160లో హెలికాప్టర్ అడ్డదిడ్డంగా ఒరిగిపోయినా తిరిగి సమంగా నిలబెట్టే ఏర్పాటు ఆటోపైలట్‌లోనే ఉంది.

రాజమండ్రి నుంచి కృష్ణా–గోదావరి బేసిన్ రిగ్గులకు హెలికాప్టర్లలో తిరిగే ఉద్యోగులకు ఈ మార్పు నేరుగా సంబంధించిన విషయం. సంబరో తర్వాత సముద్రం మీది సర్వీసుల్లో పైలట్ల శిక్షణ స్వరూపం మారుతూ వచ్చింది. ఒకరు నడుపుతుంటే రెండోవారు ఊరికే పక్కన కూర్చోవడం కాదు. ఏ మోడ్ పెట్టారో గట్టిగా చెప్పాలి, అది తెర మీద నిజంగా వెలిగిందో లేదో చూసి ఇంకొకరు పలకాలి, వేగం ఇంత తగ్గితే వెంటనే కేక వేయాలి. దీంతోపాటు ఆటోపైలట్ ఆపేసి వట్టి చేతులతో మబ్బులో నడిపే సాధన కూడా సిమ్యులేటర్‌లో తరచుగా జరగాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకునే కంపెనీలు మొదట కోసేది ఈ గంటల్నే. వాటిని కోయనివ్వకూడదు.

పరిశోధన మాత్రం ఎంతో దూరం వెళ్లిపోయింది. 2022 ఫిబ్రవరి 5న అమెరికాలోని కెంటకీలో, ఫోర్ట్ క్యాంప్‌బెల్ సైనిక స్థావరంలో ఇద్దరు పైలట్లు ఒక బ్లాక్‌హాక్ కాక్‌పిట్‌లో స్విచ్‌ను రెండు నుంచి సున్నాకు తిప్పి, దిగి నడిచి వెళ్లిపోయారు. ఖాళీ సీట్లతో ఆ హెలికాప్టర్ లేచి, కంప్యూటర్‌లో ఊహించిన నగరపు భవనాలను తప్పించుకుంటూ అరగంట తిరిగి దిగింది.

కేదార్‌నాథ్ లోయలో పరిస్థితి వేరు. ఏటా తెలుగు యాత్రికులు వేల సంఖ్యలో వెళ్లే ఆ దారిలో తిరిగేవి ఎక్కువగా ఒక ఇంజిన్, ఒక పైలట్ ఉన్న బెల్ 407లు, ఎక్యూరై రకాలు. కంటితో చూసి నడపడమే అక్కడి పద్ధతి. 2025 జూన్ 15 తెల్లవారుజామున గౌరీకుండ్ దగ్గర అలాంటి హెలికాప్టర్ కూలి, పసిపాపతో సహా ఏడుగురు చనిపోయారు. అంతకు నెల రోజుల ముందు గంగోత్రి దారిలో ఆరుగురిని, వారిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మహిళను, పొట్టనపెట్టుకున్న ప్రమాదంలో రోటర్ గాలిలో వేలాడే ఒక కేబుల్‌కు తగిలిందని ప్రాథమిక దర్యాప్తు చెప్పింది. తీగను ఏ ఆటోపైలట్ కూడా చూడలేదు, దాన్ని తప్పించాల్సింది మనిషి కళ్లే. కానీ మబ్బు అకస్మాత్తుగా కమ్మినప్పుడు హెలికాప్టర్‌ను తిన్నగా పట్టి ఉంచి, ఆ కళ్లకు రెండు నిమిషాల వెసులుబాటు ఇచ్చే చిన్న వ్యవస్థలు బెల్ 407 తరహా హెలికాప్టర్లకు కూడా దొరుకుతున్నాయి. అలాంటిదొకటి ఏడు కిలోల లోపే ఉంటుంది. ఫాటా, సిర్సీ హెలిప్యాడ్ల దగ్గర యాత్రికుల్ని ఒక్కొక్కరినీ కాటా మీద నిలబెట్టి తూచి ఎక్కిస్తారు. పదకొండు వేల అడుగుల పైన పలచటి గాలిలో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. ఆ లెక్కలో ఈ ఏడు కిలోలకూ చోటు ఇవ్వాలి.