నిప్పులపైఁ గాల్చిన విందు

లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలిగొన్నవారికెల్ల నన్నము పెట్టిన సీమ మనది. ఇచ్చటి పెద్దలలోఁ గొందఱకు వెల యిచ్చి భుజించుట నేఁటికిని సంకోచమే. అయినను మనుమలు రమ్మని పిలుచు 'బార్బెక్యూ' భోజనశాల యెట్టిదో తెలిసికొనుట మంచిది.

మాంసమునకుఁ గాని చేఁపకుఁ గాని పెరుఁగు, ఉప్పు, కారము, అల్లము పట్టించి, యినుప చువ్వలకు గ్రుచ్చి, బొగ్గునిప్పులపైఁ గాల్చుటయే యీ పాకము. ఇది మనకుఁ బొత్తిగాఁ గ్రొత్త కాదు. మారేడుమిల్లి మన్యమున వెదురుబొంగులోఁ గోడిమాంసము కూరి నిప్పులపైఁ గాల్చుదురు.

మంటకును నిప్పులకును భేదము కలదు. క్రొవ్వు కాఱి నిప్పులపైఁ బడిన మంట లేచి పొగ క్రమ్మును. ఆ పొగలోను, మాడిన నల్లని పెచ్చులోను హానికరమగు పదార్థములు చేరును. కావున బూడిద కప్పిన నిప్పులపై మెల్లగాఁ గాలిన ముక్కయే మేలు. పైన మాడి లోన పచ్చిగానున్న కోడిముక్కను పసివారికిఁ బెట్టరాదు. మరల కాల్చి తెమ్మని నిస్సంకోచముగ నడుగవలెను. పచ్చిమాంసము పెట్టిన పళ్ళెరమునఁ గాలినదానిని వడ్డింపనీయరాదు.

ఈపాటి కనిపెట్టి చూచు పెద్దలు వెంటనుండిన, ఇంటిల్లిపాదియు నొక్కచోఁ గూర్చుండి తినుట సంతోషమే గాని దోషము గాదు.